క్లైమేట్ మోడళ్ల లెక్కకూ థర్మామీటర్ల లెక్కకూ పొత్తు కుదిరిందా? మీరే సరిచూసుకునే విధానం

భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములను క్లైమేట్ మోడళ్లంటారు. ఆ మోడళ్లన్నీ అతిగా చెప్పాయని చూపే గ్రాఫు ఒకటి, అచ్చుగుద్దినట్టు సరిపోయాయని చూపే గ్రాఫు ఇంకొకటి. రెండూ ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోనుకు వచ్చే ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి దొంగ లెక్కే అయి తీరాలని లేదు. ఒకే డేటాతో ఆ రెండు బొమ్మలూ గీయవచ్చు. నేను గీసి చూశాను. ఏ ముప్పై ఏళ్లను సున్నాగా పెట్టుకున్నాం, సముద్రం మీద దేన్ని కొలిచాం, ఏ మోడళ్లను కలిపాం, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాం అనే నాలుగైదు నిర్ణయాల్లోనే కిటుకంతా ఉంది. ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా మీ చేతనే తీయించడం ఈ వ్యాసం పని. కావలసినవి ఒక స్ప్రెడ్‌షీట్, ఇంటర్నెట్, ఒక ఆదివారం మధ్యాహ్నం.

మొదటి మెట్టు: ప్రశ్నను కుదించండి

"మోడళ్లు సరైనవేనా?" అన్న ప్రశ్న పట్టుకుని కూర్చుంటే తెల్లవారినా తేలదు. మనం వేసుకునే ప్రశ్న ఇది: 1970 నుంచి ఇప్పటివరకు భూగోళం మొత్తం ఉపరితల ఉష్ణోగ్రత ఎంత వేగంతో పెరిగింది, మోడళ్లు చెప్పిన వేగానికి అది ఎంత దగ్గరగా ఉంది? 1970 ఎందుకంటే, గ్రీన్‌హౌస్ వాయువుల ప్రభావం మిగతా వాటన్నిటినీ దాటి స్పష్టంగా కనిపించేది ఆ దశాబ్దం నుంచే. కంప్యూటర్ మోడళ్ల తొలి అంచనాలు అచ్చయిందీ దాదాపు అప్పుడే.

ఒక్కటి గుర్తుంచుకోండి. పసిఫిక్ సముద్రపు నీరు వెచ్చబడి భూగోళాన్నే కాస్త వేడెక్కించే ఎల్ నినో ఫలానా సంవత్సరం వస్తుందని ఈ మోడళ్లు చెప్పవు. వాటిలోనూ ఎల్ నినోలు పుడతాయి, కానీ వాటి సొంత కాలెండరు ప్రకారం. అందుకే ఏడాదికి ఏడాది సరిపోల్చడం దండగ. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పవచ్చు గానీ, శీతోష్ణస్థితి సంగతి ఒక్క ఏడాది పట్టుకుని చెప్పలేం.

రెండో మెట్టు: థర్మామీటర్ల లెక్క తెచ్చుకోండి

భూగోళ సగటును లెక్కగట్టే సంస్థలు చాలానే ఉన్నాయి. బ్రిటన్ వాతావరణ శాఖ, ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసే హాడ్‌క్రుట్-5 లెక్క 1850 నుంచి ఉంది. నాసా వారి జిస్‌టెంప్ 1880 నుంచి ఉంది. అమెరికాకే చెందిన నోవా, బర్క్‌లీ ఎర్త్ లెక్కలూ ఉన్నాయి. అన్నీ ఉచితమే. కనీసం రెండు తీసుకోండి. వాటి మధ్య తేడా ఎంతో చూస్తే, పరిశీలనల్లోనే ఎంత అనిశ్చితి ఉందో ముందుగా అర్థమవుతుంది.

జిస్‌టెంప్ ఫైలు తెరిస్తే ఒక్కో వరుసకు ఒక్కో సంవత్సరం, పన్నెండు నెలలకు పన్నెండు గడులు, వాటి తర్వాత జనవరి నుంచి డిసెంబరు దాకా వార్షిక సగటు కనిపిస్తాయి. నడుస్తున్న సంవత్సరంలో ఇంకా రాని నెలల చోట అంకెలకు బదులు చుక్క (*) గుర్తులుంటాయి. స్ప్రెడ్‌షీట్ వాటిని అక్షరాలుగా చదువుకుని సగటులో తికమక పడుతుంది. ఆ వరుసను తీసేయండి. హాడ్‌క్రుట్ ఫైలులో ప్రతి ఏడాది విలువ పక్కనే కింది హద్దు, పై హద్దు కూడా ఇస్తారు. వాటిని పారేయకండి, తర్వాత పనికొస్తాయి.

ఈ ఫైళ్లలో ఉన్నవి నేరుగా ఉష్ణోగ్రతలు కావు, విచలనాలు. అంటే ఏదో ఒక ఆధార కాలపు సగటు కంటే ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చెప్పే అంకెలు.

"పరిశీలన" అన్న మాట వినగానే అది కల్తీ లేని సరుకని అనుకుంటాం. అంత సులువు కాదు. పూర్వం ఓడలవాళ్లు బకెట్టుతో సముద్రపు నీరు తోడి అందులో థర్మామీటరు ముంచేవారు. పైకి లాగేలోపే నీరు కొంత చల్లబడేది. తర్వాతి రోజుల్లో ఇంజను చల్లబరిచే గొట్టంలోకి వచ్చే నీటిని కొలవడం మొదలైంది. అది కాస్త వెచ్చగా ఉంటుంది. ఇప్పుడు కొలతల్లో ఎక్కువ భాగం సముద్రంలో తేలే బోయాలవి. ఓడల కొలతలతో పోలిస్తే బోయాలు సుమారు 0.12 డిగ్రీలు తక్కువ చూపుతాయి. వీటన్నిటినీ సరిచేయకుండా వరుసగా కలిపేస్తే తప్పు లెక్క వస్తుంది. ఈ దిద్దుబాట్ల మీద అనుమానం ఉన్నవారికి ఒక సంగతి చెప్పాలి: భూగోళం మొత్తం చూస్తే, దిద్దుబాట్ల వల్ల దీర్ఘకాలిక పెరుగుదల తగ్గింది. పాతకాలపు సముద్రపు కొలతలను పైకి జరపడమే అందుకు కారణం.

మూడో మెట్టు: మోడళ్ల ఫలితాలు

ప్రపంచంలోని మోడలింగ్ కేంద్రాలన్నీ ఒకే నిబంధనలతో తమ మోడళ్లను నడిపి ఫలితాలను ఒకచోట పెట్టే ఏర్పాటు పేరు సీమిప్. అయిదో విడతను సీమిప్-5 అంటారు, ఆరో విడతను సీమిప్-6. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన మోడల్ ఆరో విడతలో ఉంది. సీమిప్‌లో పాల్గొన్న తొలి భారతీయ మోడల్ అదే. అసలు ఫైళ్లు పెద్దవి, సాధారణ కంప్యూటరు మోయలేదు. నెదర్లాండ్స్ వాతావరణ సంస్థ నడిపే క్లైమేట్ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్‌సైటులో భూగోళ సగటు వరుసలు దొరుకుతాయి. మొదటిసారి చేసేవారికి అవి చాలు.

ఇక్కడ చాలామంది గమనించని గీత ఒకటుంది. సీమిప్-5లో 2005 వరకు, సీమిప్-6లో 2014 వరకు మోడళ్లకు ఇచ్చింది నిజంగా జరిగిన చరిత్ర: ఎంత కార్బన్ డయాక్సైడ్, ఎంత పొగ, ఏ అగ్నిపర్వతం ఎప్పుడు పేలింది అన్నవి. ఆ తర్వాతి ఏళ్లకు ఇచ్చింది ఊహించిన దారి. గ్రాఫులో ఆ సంవత్సరం దగ్గర నిలువు గీత ఒకటి గీసి పెట్టుకోండి. గీతకు ఎడమవైపు సరిపోవడం కంటే కుడివైపు సరిపోవడం గొప్ప.

విలువలు కెల్విన్‌లో ఉంటే 273.15 తీసేస్తే సెల్సియస్ వస్తుంది. అలా తీసేసి చూస్తే ఒక మోడల్ భూమికీ మరో మోడల్ భూమికీ సగటు ఉష్ణోగ్రతలో రెండు మూడు డిగ్రీల తేడా కనిపించి ఉలిక్కిపడతారు. అది నిజమైన లోపమే, దాచాల్సిన పని లేదు. కానీ మనం కొలుస్తున్నది పెరుగుదలను. అందుకే అందరూ విచలనాల్లోనే పోలుస్తారు.

నాలుగో మెట్టు: అన్నిటికీ ఒకే సున్నా

నేను మొదటిసారి బోర్లా పడింది ఇక్కడే. జిస్‌టెంప్ వరుస ఒక నిలువు వరుసలో, మోడళ్ల సగటు పక్క వరుసలో పెట్టి తేడా తీశాను. ప్రతి ఏడాదీ మోడళ్లు 0.6 డిగ్రీలు తక్కువ చూపుతున్నాయి. మోడళ్లు ముప్పును తగ్గించి చెబుతున్నాయని నిర్ధారణకు వచ్చేసి, ఒక స్నేహితుడికి గంభీరంగా ఉత్తరం రాయడం కూడా మొదలుపెట్టాను. తీరా చూస్తే జిస్‌టెంప్‌కు సున్నా 1951–80 సగటు. మోడళ్లకు నేను పెట్టుకున్న సున్నా 1991–2020 సగటు. ఆ రెండు కాలాల మధ్య భూమి వేడెక్కిందే సుమారు 0.6 డిగ్రీలు! నేను కనిపెట్టింది నా ఆధార కాలాల తేడాని.

కాబట్టి ఇలా చేయండి. 1981–2010 అని ఒక ముప్పై ఏళ్లు ఎంచుకోండి. ప్రతి వరుసకూ ఆ ముప్పై ఏళ్ల సగటు కట్టి, ఆ వరుసలోని అన్ని విలువల నుంచీ దాన్ని తీసేయండి. హాడ్‌క్రుట్ సున్నా 1961–90 అయినా, మరొకదానిది ఇంకేదైనా ఇక ఇబ్బంది లేదు.

ముప్పై ఏళ్లకు బదులు ఐదేళ్లే తీసుకుంటే? బొమ్మ ఎలా కావాలంటే అలా వంగుతుంది. ఎల్ నినో వల్ల వేడెక్కిన ఏళ్లు పరిశీలనల ఆధారంలో పడితే ఆ తర్వాతి ఏళ్లన్నీ కిందికి జారతాయి, మోడళ్లు ఆకాశంలో ఉన్నట్టు కనిపిస్తాయి. చల్లని ఏళ్లు పడితే దీనికి తిరగబడుతుంది. ఎవరైనా గ్రాఫు పంపితే నేను మొట్టమొదట చూసేది కింద చిన్న అక్షరాల్లో రాసిన ఆధార కాలమే. అది రాసి లేకపోతే మిగతాది చదవను.

అయిదో మెట్టు: సముద్రం మీద గాలా, నీరా?

మోడళ్ల ఫైళ్లలో సాధారణంగా దొరికేది నేలకైనా సముద్రానికైనా రెండు మీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత. పరిశీలనల్లో నేల మీద గాలినీ, సముద్రం మీద నీటినీ కొలుస్తారు. మోడళ్ల ప్రకారం సముద్రం మీది గాలి, నీటి కంటే కొంచెం త్వరగా వేడెక్కుతుంది. పైగా పాత హాడ్‌క్రుట్-4 లెక్కలో ఆర్కిటిక్ వంటి చోట్ల కొలతలు లేని గడులను ఖాళీగా వదిలేసేవారు. అతివేగంగా వేడెక్కుతున్న చోటే లెక్కలోకి రాలేదన్నమాట. యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ కౌటన్, ఆయన సహచరులు 2015లో మోడళ్లను కూడా పరిశీలనల పద్ధతిలోనే కొలిచి చూశారు. 1975–2014 మధ్య మోడళ్లకూ పరిశీలనలకూ వేగంలో ఉన్న తేడాలో 38 శాతం ఈ ఒక్క కారణంతోనే మాయమైంది.

మీ పోలికకు గాలి, నీరు కలిపిన మోడల్ వరుసలు దొరికితే అవి వాడండి. దొరకకపోతే పరిశీలనల వైపు హాడ్‌క్రుట్-5 వంటి ఖాళీలు పూరించిన లెక్క తీసుకుని, మోడళ్లు కాస్త ఎక్కువ చూపడంలో ఈ తేడాకూ వాటా ఉందని గ్రాఫు కిందే రాసుకోండి.

ఆరో మెట్టు: వేగం కట్టండి, వెడల్పు చూడండి

స్ప్రెడ్‌షీట్‌లో స్లోప్ అనే ఫార్ములా ఉంటుంది. ఉష్ణోగ్రతల వరుస, సంవత్సరాల వరుస దానికిచ్చి, వచ్చినదాన్ని పదితో గుణిస్తే దశాబ్దానికి ఎన్ని డిగ్రీలో వస్తుంది. 1970 నుంచి పరిశీలనలకు అది 0.2కు అటూ ఇటూగా వస్తుంది. ఒక మోడల్‌ను ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడిపితే అది ఒక పరుగు. ఇదే పనిని ప్రతి మోడల్ పరుగుకూ విడివిడిగా చేయండి. చాలామంది చేసే తప్పు, అన్ని పరుగుల సగటు గీతను మాత్రమే పరిశీలనల పక్కన పెట్టడం. ఎన్నో పరుగులను సగటు చేస్తే వాటిలోని ఎల్ నినోలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నున్నటి గీత మిగులుతుంది. నిజమైన భూమికి మాత్రం ఒకటే పరుగు, అది ఎగుడుదిగుడుగానే ఉంటుంది.

ఆ ఎగుడుదిగుళ్లు ఎంత పెద్దవో తెలియాలంటే అమెరికాలో సీఈఎస్ఎం మోడల్‌తో చేసిన ప్రయోగం చూడాలి. ఒకే మోడల్‌ను పదుల సార్లు నడిపారు. ప్రతి పరుగు మొదట్లోనూ గాలి ఉష్ణోగ్రతను డిగ్రీలో వంద లక్షల కోట్ల వంతు మేర మాత్రమే మార్చారు. ఏ థర్మామీటరుకూ అందని తేడా అది. అయినా కొన్ని దశాబ్దాల ధోరణులు ఒక పరుగుకూ మరో పరుగుకూ ప్రాంతాలవారీగా బాగా వేరుగా వచ్చాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: పరిశీలనల వేగం, పరుగుల వేగాలన్నీ పరుచుకున్న వెడల్పులో ఎక్కడ పడింది?

ఇప్పుడు కావాలనే ఒక చెడ్డ ప్రయోగం చేయండి. 1998 నుంచి 2012 వరకే వేగం కట్టండి. 1998 పెద్ద ఎల్ నినో ఏడాది; ఎత్తున మొదలవుతారు కనుక వాలు తగ్గుతుంది. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ; దాని అయిదో నివేదిక ఇదే కాలానికి హాడ్‌క్రుట్-4తో దశాబ్దానికి 0.05 డిగ్రీలు, మోడళ్ల సగటుకు 0.21 అని లెక్క చెప్పింది. 114 పరుగుల్లో 111 పరిశీలనల కంటే ఎక్కువ వేగం చూపాయి. ఆ నివేదిక దాన్ని దాచలేదు. మోడళ్లు విఫలమయ్యాయన్న వాదనకు కొన్నేళ్లు ఇదే ముడిసరుకు అయింది. 2013లో కొసాకా, షీ అనే శాస్త్రవేత్తలు ఒక మోడల్‌లో ఉష్ణమండల తూర్పు పసిఫిక్ నీటి ఉష్ణోగ్రతలను మాత్రం నిజంగా జరిగినట్టే ఉంచి నడిపితే ఆ మందగమనం మోడల్‌లోనూ కనిపించింది. తర్వాత 2015–16 ఎల్ నినో వచ్చాక గీత మళ్లీ పైకి లేచింది. పదిహేనేళ్లు చాలవని అనుభవంతో తెలిసింది ఇలాగే.

ఏడో మెట్టు: పంక్తిలో ఎవరిని కూర్చోబెట్టాలి?

ఒక్కో కేంద్రం ఒక్కో సంఖ్యలో పరుగులు పంపుతుంది. అన్నీ కలిపి సగటు చేస్తే ఎక్కువ పరుగులు పంపిన మోడల్‌దే పైచేయి అవుతుంది. మోడల్‌కు ఒక ఓటు అన్న నియమం పెట్టుకోండి.

సీమిప్-6 విషయంలో ఇంకో చిక్కుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి భూమి ఎంత వేడెక్కుతుందన్న కొలతను 1979లో అమెరికా శాస్త్రవేత్తల చార్నీ కమిటీ 1.5 నుంచి 4.5 డిగ్రీలని అంచనా వేసింది. ఐపీసీసీ ఆరో నివేదిక ఎన్నో ఆధారాలు కలిపి దాన్ని 2.5–4కు కుదించింది. సీమిప్-6లో మాత్రం కొన్ని మోడళ్లు 5 దాటాయి. కెనడా మోడల్ 5.6కు చేరింది. మేఘాల తీరు, ముఖ్యంగా దక్షిణ మహాసముద్రం మీద మేఘాలను లెక్కించే పద్ధతి మారడం ఇందుకు ప్రధాన కారణం. అలా మితిమీరిన వాటిలో ఒకటైన సీఈఎస్ఎం-2 చివరి మంచుయుగాన్ని లెక్కగడితే, అది ఆధారాలు చెప్పేదానికంటే మరీ చల్లగా వచ్చింది. అంటే ఆ మోడల్ అతి చేస్తోందని భూమి పాత చరిత్రే పట్టిచ్చింది.

ఫలితం: సీమిప్-6 మోడళ్లన్నిటి సగటు పరిశీలనల కంటే వేగంగా వేడెక్కుతుంది. అతి చేసే వాటిని పక్కనపెడితే సగటు దగ్గరకొస్తుంది. ఐపీసీసీ కూడా భవిష్యత్తు అంచనాలకు వట్టి సగటును వాడలేదు. మీరు రెండు రకాలుగానూ కట్టి, రెండూ చూపించండి. నచ్చినది ఒక్కటే చూపిస్తే మీరూ ఆ ఫోను గ్రాఫుల జాబితాలో చేరతారు.

ఎనిమిదో మెట్టు: పాత అంచనాలను పరీక్షకు పెట్టండి

జరిగిపోయినదాన్ని ఒప్పజెప్పడం గొప్పా అని అడిగేవారికి ఇదే సరైన పరీక్ష. నాసాకు చెందిన జేమ్స్ హాన్సెన్ 1988లో అమెరికా సెనేట్ ముందు సాక్ష్యమిచ్చారు. అదే ఏడాది వచ్చిన ఆయన పరిశోధనా పత్రంలో గాలిలో వాయువులు ఎలా పెరగవచ్చో ఊహించిన ఏ, బీ, సీ అనే మూడు దారులున్నాయి. ఆ మోడల్ ఎంత ముతకదంటే, ఒక్కో గడి 8 డిగ్రీల అక్షాంశం, 10 డిగ్రీల రేఖాంశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఒకే గడిలో ఇమిడిపోయేంత పెద్దది. శ్రీకాకుళానికీ అనంతపురానికీ ఒకే ఎండ, ఒకే వాన.

బీ దారి నిజంగా జరిగిన వేడిమి కంటే దాదాపు సగం ఎక్కువ చెప్పింది. ఇక్కడితో ఆపేస్తే తప్పిందని తీర్పు ఇవ్వవచ్చు. కానీ అందులో రెండు రకాల తప్పులు కలగలిసి ఉన్నాయి. గాలిలోకి ఏమేం చేరతాయన్నది ఒక ఊహ. అవి చేరితే భూమి ఎంత వేడెక్కుతుందన్నది భౌతికశాస్త్రం. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం వల్ల, భూమిని వేడెక్కించే సీఎఫ్‌సీ వాయువులు తగ్గాయి, మీథేన్ పెరుగుదల నెమ్మదించింది. బీ దారిలో అవి రెండూ ఎక్కువగానే పెరిగాయి. నిజంగా పెరిగిన వాయువుల మేరకు లెక్క సవరిస్తే మోడల్ చెప్పిన వేడి పరిశీలనలకు సరిపోతుంది. సీ దారి గీత చాలా ఏళ్లు పరిశీలనలకు దగ్గరగా నడిచింది. అయితే 2000 తర్వాత గ్రీన్‌హౌస్ ప్రభావం పెరగడమే ఆగిపోతుందని ఊహించుకున్న దారి అది. జవాబు కలిసింది కదా అని, తప్పుడు పద్ధతిలో చేసిన లెక్కకు మార్కులు వేయలేం.

శీతోష్ణస్థితి శాస్త్రవేత్త జీక్ హౌస్‌ఫాదర్ బృందం 1970–2007 మధ్య వెలువడిన 17 అంచనాలను ఇలాగే పరీక్షించింది. నేరుగా చూస్తే 10, వాయువుల ఊహలోని తప్పును సవరించాక 14 పరిశీలనలతో సరిపోయాయి. 2021లో నోబెల్ అందుకున్న సుకురో మనాబే 1970 నాటి అంచనా కూడా వాటిలో ఉంది.

తొమ్మిదో మెట్టు: గోళం నుంచి గడిలోకి దిగండి

ఇంతవరకు మోడళ్లకు మంచి మార్కులే పడ్డాయి. ఇక్కడ తగ్గుతాయి. 1979 నుంచి ఆర్కిటిక్ భూగోళ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. అంత వేగం చూపిన మోడల్ పరుగులు అరుదు. తూర్పు పసిఫిక్‌లో, దక్షిణ మహాసముద్రంలో కొన్ని భాగాలు ఇటీవలి దశాబ్దాల్లో కాస్త చల్లబడ్డాయి; మోడళ్లలో ఎక్కువ భాగం అక్కడ వేడెక్కడమే చూపాయి. ఉష్ణమండలంలో పది కిలోమీటర్ల ఎత్తున గాలిని చాలా మోడళ్లు ఉపగ్రహాలు చెప్పేదానికంటే ఎక్కువ వేడెక్కిస్తాయి. అన్నిటినీ కలిపిన సగటు సరిపోవడంలో, ఈ తప్పులు కొంతవరకు ఒకదాన్నొకటి మరుగుపరచడానికీ పాత్ర ఉంది.

మన దేశం సంగతి మరీ ఆసక్తికరం. భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901–2018 మధ్య భారతదేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. భూగోళంలోని నేల భాగపు సగటు కంటే ఇది తక్కువ. గాలిలోని పొగ, ధూళి కణాలు ఎండను అడ్డుకోవడం, సాగునీటి ఆవిరి నేలను చల్లబరచడం ఇందుకు ముఖ్య కారణాలని చెబుతారు. సాగునీటిని అసలు లెక్కలోకి తీసుకోని మోడళ్లు చాలా ఉన్నాయి. పంజాబు మీద మోడల్ తప్పితే ఆశ్చర్యపడకండి.

రెంటచింతల ఎండను మోడల్ గడితో పోల్చాలని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఇప్పటి మోడళ్లలో గడి సుమారు వంద కిలోమీటర్లు. నాగార్జునసాగర్ జలాశయం, నల్లమల అడవి, కృష్ణా ఒడ్డు పొలాలు, రెంటచింతల అన్నీ కలిపి ఒకే అంకె. ఒక ఊరి థర్మామీటరును దాంతో పోల్చకండి. వాతావరణ శాఖ ఒక డిగ్రీ గడులుగా ఇచ్చే ఉష్ణోగ్రతల డేటా 1951 నుంచి ఉంది, దాంతో పోల్చండి. పెద్ద ప్రాంతానికి గడుల సగటు కట్టేటప్పుడు ధ్రువాలవైపు గడులు చిన్నవవుతాయి కాబట్టి అక్షాంశపు కొసైన్‌తో గుణించడం మరవకండి.

పదో మెట్టు: కుదరనప్పుడు రెండు వైపులా వెతకండి

తేడా కనిపించగానే మోడల్‌దే తప్పనడం అలవాటు. 1990ల్లో అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్‌ల ఉపగ్రహ లెక్క, కింది వాతావరణం వేడెక్కడం లేదన్నంత తక్కువ పెరుగుదల చూపింది. మోడళ్లు పెరగాలన్నాయి. 1998లో వెంట్జ్, షాబెల్ ఒక సంగతి పట్టుకున్నారు: ఉపగ్రహాలు గాలి రాపిడికి ఏటా కొంచెం కిందికి దిగుతున్నాయి, ఆ దిగుడు కొలతను మారుస్తోంది. 2005లో మియర్స్, వెంట్జ్ మరో తప్పు చూపారు. ఉపగ్రహం ఒక చోటి మీదుగా వెళ్లే గడియ ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతుంది. ఆ జరుగుబాటును సరిచేసే లెక్కలో కూడిక గుర్తు పడాల్సిన చోట తీసివేత గుర్తు పడినట్టు దిశ తలకిందులైంది. సవరించాక ఆ లెక్కలోనూ వేడిమి కనిపించింది.

ఇప్పుడు మీ గ్రాఫు కుడి చివర చూడండి. 2023, 2024లలో పరిశీలనల గీత ఒక్కసారిగా ఎగిసింది. యూరప్ వాతావరణ సేవా సంస్థ కోపర్నికస్ లెక్క ప్రకారం 2024 పారిశ్రామిక యుగానికి ముందు కంటే 1.6 డిగ్రీలు ఎక్కువ. ఎల్ నినో ఒక కారణం. గంధకపు పొగ ఎండను అడ్డుకుంటుంది; 2020 నుంచి ఓడల ఇంధనంలో ఆ గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించడం, కిందిస్థాయి మేఘాలు తగ్గడం మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. మీరు ఇందాక గీసిన 2014 నిలువు గీత గుర్తుందా? ఆ ఓడల నిబంధన దానికి కుడివైపున ఉంది. మీ మోడళ్లలో చాలావాటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రతి జనవరిలో కొత్త ఏడాది విలువ వస్తుంది. వరుస చివర చేర్చి, స్లోప్ ఫార్ములాలోని వరుసల చివరను ఒక గడి కిందికి పొడిగించి, మళ్లీ చూసుకోండి.